సున్నా అనుకున్న అండం

ఆ ఆస్పత్రిలో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు. భూతద్దం అంటారు. ఆ పేరు పెట్టింది వాళ్ళ బావ, అంటే అక్క మొగుడు. అక్క పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆయన హాయిగా కాఫీ తాగుతుంటే, కప్పు అంచున పగులుందని ఆయన చేతిలోంచి లాగేసుకుంది ఈ మరదలు. ఆ పగులు ఆమెకు తప్ప ఇంట్లో ఇంకెవరి కంటికీ ఆనలేదు. ఆ తర్వాత ఆయన ఏదో పనిమీద ఆస్పత్రికి వచ్చి, "మా భూతద్దం ఉందా అండి" అని రిసెప్షన్‌లో అడిగాడు. ఇంకేముంది, ఆ పేరు జిగురులా అంటుకుపోయింది. అలాగని బావ అబద్ధమేమీ ఆడలేదు. పిల్లలు కలగని దంపతుల అండాలనూ వీర్యకణాలనూ ఒంటి బయట కలిపే ప్రయోగశాలకు ఆమే పెద్ద. ఇసుక రేణువు కన్నా చిన్నవాటిని చూడటమే ఆమెకు బతుకుతెరువు.

ఆ రోజు పొద్దున మాత్రం భూతద్దం తన ప్రయోగశాలకు తానే పరాయిదై, గాజు గోడకు ఇవతల నిలబడి ఉంది. లోపల ఆమె కుర్చీలో, ఆమె మైక్రోస్కోపు ముందు మౌనస్వామి కూర్చున్నాడు. అతను ఆమెతో పాటు పనిచేసేవాడే. నోట్లోంచి మాట రావాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి, అందుకని ఆ పేరు. పక్క గదిలో బల్ల మీద మత్తులో పడుకుని ఉన్నది అక్క. సొంతవాళ్ళ కణాలను సొంతవాళ్ళు ముట్టుకోకూడదని అక్కడ రూలు. ఎవరి చెయ్యి అయినా వణకవచ్చు, సొంతవాళ్ళ దగ్గర ఇంకాస్త ఎక్కువ వణుకుతుంది. ఆ రూలు రాసింది కూడా భూతద్దమే. అక్కడి రూళ్ళలో సగం ఆమె చేతిమీదుగా పుట్టినవే, అందుకు ఆమెకు లోలోపల గర్వం కూడా ఉండేది. ఆ పూట మాత్రం ఆ రూలు రాసిన మనిషిని నిలబెట్టి నాలుగు దులపాలనిపించింది.

అక్క సిటీ బస్సు డ్రైవరు. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "ఈయన జనాన్ని నిలువునా మోస్తాడు, నేను అడ్డంగా మోస్తాను. మేమిద్దరం లేకపోతే ఊరు ఉన్నచోటే కూర్చుంటుంది" అనేది అక్క, ఒంట్లో బాగున్న రోజుల్లో. బాగాలేని రోజుల్లో మాట్లాడేదే కాదు. ఎనిమిదో తరగతిలో మొదలైంది ఆ నొప్పి. నెల తిరిగేసరికి పొత్తికడుపును తడిబట్ట పిండినట్టు పిండేసేది. ఆడపిల్లలందరికీ ఉండేదే అన్నారు. పెళ్ళయితే పోతుందన్నారు, పోలేదు. పిల్లలు పుడితే పోతుందన్నారు, పుట్టలేదు. వేడినీళ్ళు తాగమన్నారు, నడవమన్నారు, నడవొద్దన్నారు, మనసులో ఏమీ పెట్టుకోకమ్మా అన్నారు. అక్క అన్నీ చేసింది. స్టీరింగు మీద వేళ్ళు బిగించి, పళ్ళ బిగువున నొప్పిని దిగమింగి, బస్సుకు చిన్న కుదుపు కూడా రాకుండా స్టాపులో ఆపడం ఆమెకు అలవాటైపోయింది. తన జబ్బుకు ఎండోమెట్రియోసిస్ అని ఒక పేరుందని తెలిసేసరికి ముప్పై దాటాయి.

గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది ఈ జబ్బులో గర్భసంచి బయట మొలుస్తుంది. లోపలి పొరకు నెలనెలా కరిగి బయటికి పోయే దారి ఉంది. బయట మొలిచినదానికి ఏ దారీ లేదు. అదీ నెలనెలా రక్తం కారుస్తుంది. ఆ రక్తం ఉన్నచోటే నిలిచి, ముదిరి, చాక్లెట్ రంగుకు తిరిగి గడ్డ కడుతుంది. పక్కపక్కన ఉన్న అవయవాలను ఒకదానికొకటి అతికించేస్తుంది. అక్క అండాశయాలు రెండూ అలా గడ్డల కింద నలిగి, పోయి పోయి పేగుకు అతుక్కున్నాయి. ఇక ఆగితే పేగుకే ముప్పు. అందుకని వచ్చే వారం ఆపరేషను పెట్టారు. గర్భసంచిని కాపాడతామన్నారు గానీ అండాశయాలు రెండూ తీసెయ్యక తప్పదన్నారు. అంటే, అక్కకు తన సొంత అండం దక్కాలంటే ఈ ఒక్క పూటే. ఇంతకు ముందు చేసిన ప్రయత్నాల్లో ఏమీ దొరకలేదు. ఈసారి స్కానులో అండం పెరిగే నీటిసంచి ఒక్కటంటే ఒక్కటి కనబడింది.

డాక్టరమ్మ సూదితో ఆ నీటిసంచిలోని ద్రవాన్ని లాగి, గోడకున్న చిన్న కిటికీలోంచి గొట్టాన్ని అందించింది. మౌనస్వామి దాన్ని గాజుపళ్ళెంలో ఒంపాడు. మామూలుగా లేత పసుపులో ఉండాల్సింది, గడ్డలోని పాత రక్తం కలిసి బురదనీళ్ళలా ఉంది. మైక్రోస్కోపులో అతనికి కనిపించేదే బయట గోడకున్న తెర మీద భూతద్దానికీ కనబడుతుంది. అతను పళ్ళేన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పటపటా పళ్ళు కొరుక్కుంటూ ఆమె, తనైతే ఎడమవైపు మూల చూసేదాన్ని కదా అనుకుంటోంది. అతను ఎడమవైపు మూలకు వచ్చాడు. అక్కడ, ఆ బురదలో, దూదిపింజ లాంటిది ఒకటి తెల్లగా మెరిసింది. దాని మధ్యలో గుండ్రటి నీడ. మౌనస్వామి తలెత్తకుండానే ఒక వేలు చూపించాడు.

భూతద్దం కారిడార్లోకి పరుగెత్తింది. బావ అప్పటికే తన వంతు శాంపిలు ఇచ్చేసి, పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లాడిలా బెంచీ చివర కూర్చుని ఉన్నాడు.

"ఒకటి దొరికింది బావా."

"చాల్లే" అన్నాడు బావ. "రెండొస్తే మా ఇంట్లో పెట్టే చోటు కూడా లేదు."

అన్నాడే గానీ, రెండు అరచేతులూ ప్యాంటుకు తుడుచుకుంటూ లేచి, గోడ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

అండం ఒంటరిగా రాదు. దాన్ని సాకే కణాలు వేలకు వేలు దాని చుట్టూ అల్లుకుని ఉంటాయి. వాటిని ఒలిచి చూస్తే గానీ అండం పక్వానికి వచ్చిందో లేదో తెలియదు. పక్వానికి వచ్చినదైతే దాని పక్కన ఒక చిన్న బుడగ కనిపించాలి. ఆ బుడగ లేని అండంలోకి వీర్యకణాన్ని పంపినా ఫలం లేదు. కొన్ని గంటలు ఆగి మౌనస్వామి ఆ కణాలను ఒక్కొక్క పొరగా ఒలిచాడు. తెర మీద అక్క అండం బోసిగా, గుండ్రంగా, గాజుగోళంలా నిలిచింది. పక్కన బుడగ లేదు. అతను దాన్ని నెమ్మదిగా దొర్లించాడు. అటువైపూ లేదు. ఇటువైపూ లేదు. భూతద్దానికి అతనికన్నా ముందే తెలిసిపోయింది. అతను లేచి గోడమీద బోర్డులో, అక్క నంబరుకు ఎదురుగా, పనికొచ్చే అండాలు అన్నచోట సున్నా రాశాడు.

సున్నా రాశాక బల్ల ఖాళీ చెయ్యాలి. ఒకరి వీర్యం పొరపాటున మరొకరి అండం దరిదాపులకు పోకూడదు కాబట్టి, పని లేని శాంపిలు ఒక్క క్షణం కూడా బల్ల మీద ఉండకూడదని రూలు. అదీ ఎవరు రాశారో వేరే చెప్పక్కర్లేదు. మౌనస్వామి బావ శాంపిలును తీసి, మూత బిగించి, పారవేసే డబ్బాలో వేశాడు.

బావకు చెప్పాల్సింది భూతద్దమే. ఆయన అంతా విని, "మీ అక్కకి ఎవరు చెప్తారు" అని మాత్రం అడిగాడు. డాక్టరమ్మ చెప్పింది. మత్తు ఇంకా పూర్తిగా వదలని అక్క, విన్నానన్నట్టు తలాడించి గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి అటు తిరిగే, "నువ్వు పనికెళ్ళు. ఇక్కడ కూర్చుని నా వీపు చూస్తే ఏమొస్తుంది" అంది మొగుడితో. ఆయన దిక్కుతోచక మరదలి వైపు చూశాడు.

"వెళ్ళు బావా. ఇక్కడ చేసేదేం లేదు" అంది భూతద్దం.

ఆయన సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ భూతద్దం చదువు సంగతి ఒకటి చెప్పాలి. ఎండోమెట్రియోసిస్ ఉన్న ఆడవాళ్ళ అండాల మీద ఆమె ఏళ్ళ తరబడి పరిశోధన చేస్తోంది. ఆ అండాలు నాసిరకం అని చాలామంది తేల్చేశారు. ఈమెకు మాత్రం అనుమానం. నాసిరకం కాదు, ఆలస్యం అంటుంది. చుట్టూ ఉన్న వాపులో, మంటలో, పాపం వాటికి టైము పడుతుంది, మనమే తొందరపడి పారేస్తున్నాం అంటుంది. పారవేసే అండాలను, వాటి సొంతదారుల అనుమతితో తీసుకుని, ఒలిచేసిన కణాలను మళ్ళీ వాటి చుట్టూ చేర్చి, కెమెరా ఉన్న ఇంక్యుబేటర్లో పెట్టి చూస్తుంది. కొన్నింటికి పక్కన బుడగ పొడుచుకొచ్చేది. అది చూసి చంకలు గుద్దుకునేది. పెద్దల సభల్లో చెబితే వాళ్ళు మర్యాదగా నవ్వి, కాఫీకి లేచేవారు.

అక్క కూడా చికిత్సకు ముందే సంతకం పెట్టింది, పనికిరానివి పరిశోధనకు వాడుకోవచ్చని. "నాకు పనికిరానిది నీకన్నా పనికొస్తే అదే పదివేలు. నా దయవల్ల నీకో మెడల్ వస్తే సగం నాది" అంది అప్పుడు.

గాజు గోడకు అవతల మౌనస్వామి ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె గోడకున్న మైకు దగ్గరికి వంగి, "దాని బట్టలు దానికి తొడిగెయ్" అంది. అతనికి అర్థమైంది. ఒలిచిన కణాలను తెచ్చి ఆ అండం చుట్టూ చేర్చి, ఇంక్యుబేటర్లో పెట్టి తలుపు మూశాడు.

ఆ పూట ఆమెకు భోజనం సయించలేదు. డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. అక్క దగ్గరికి వెళితే అక్క నిద్రపోతోంది, లేదా నిద్ర నటిస్తోంది. చేసేదేమీ లేక, అలవాటుకొద్దీ వచ్చి ఇంక్యుబేటర్ తెర ముందు కూర్చుంది. చూడటం ఆమెకు ఊపిరి లాంటిది, దుఃఖమొచ్చినా చూస్తూనే ఏడుస్తుంది.

అండం కదలకుండా ఉంది. సన్నని ఇసుక పరిచినట్టు దాని లోపలంతా నిండుగా ఉంది. ఆమె చూస్తూ ఉండగానే ఆ ఇసుకలో ఏదో సర్దుబాటు జరిగింది. ఒకవైపు అంచు కాస్త ఉబ్బింది. కళ్ళు మసకబారాయేమోనని తుడుచుకుని మళ్ళీ చూసింది. ఉబ్బింది. ఎంత నెమ్మదిగా అంటే, చూస్తున్నంతసేపూ కదలనట్టే ఉంది, చూపు తిప్పి మళ్ళీ చూస్తే ఇంకాస్త ముందుకొచ్చింది. ఆ ఉబ్బు మెడలా సన్నబడి, సన్నబడి, తెగి, ఒక చిన్న బుడగై అండం పక్కన నిలిచింది. అండం తనలో ఉన్న వారసత్వాన్ని సగానికి సగం తీసి బయట పెట్టేసింది. రాబోయేవాడెవడో ఇంకా ఆ చుట్టుపక్కల లేడు, వస్తాడో రాడో తెలియదు, అయినా అతనికి చోటు ఖాళీ చేసి పెట్టింది. ఆమె ఇలాంటివి వందలు చూసింది. ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం మాత్రం అదే మొదటిసారి.

ఆ వెంటనే గుర్తొచ్చింది. శాంపిలు పారేశాం.

ఇన్నేళ్ళూ ఆమె చూసిన ఆలస్యపు అండాలన్నీ బల్ల ఖాళీ అయ్యాకే పండాయి. అలా పండిన ప్రతిసారీ తన మాట నిజమైందని మురిసిపోయిందే తప్ప, ఆ అండం కోసం అవతల ఒక వీర్యకణాన్ని ఆపి ఉంచాలన్న ఆలోచన ఆమెకు తట్టలేదు. అండాలు ఆలస్యంగా పండుతాయని ఊరూవాడా చాటిన మనిషే, ఆలస్యానికి చోటు లేని రూలు రాసి గోడకు తగిలించింది. ఇప్పుడా రూలు వచ్చి వచ్చి సొంత అక్క దగ్గర తగిలింది. తల గోడకేసి కొట్టుకుందామన్నా తీరిక లేదు, ఎందుకంటే పక్వానికి వచ్చిన అండం ఎంతోసేపు ఆగదు. సాయంత్రం లోపు పని కావాలి.

డాక్టరమ్మ తన గదిలో ఉంది. భూతద్దం తలుపు కూడా తట్టకుండా దూరి, ఆయాసపడుతూ చెప్పింది. డాక్టరమ్మ ఆమెతో పాటే లేచి వచ్చి తెర చూసింది. చాలాసేపు చూసింది.

"దీనికి ఏమైనా కలిపారా? మందూ మాకూ?"

"ఏం లేదు మేడమ్. ఎప్పుడూ వాడే ద్రవమే. దాని కణాలు దానికే తిరిగిచ్చాం."

"పరిశోధన కింద పెట్టారు కదా. ఇప్పుడిది ఎవరిది, నీదా, మీ అక్కదా?"

"అక్కది."

"అయితే నన్నెందుకు అడుగుతావు? వెళ్ళి అక్కని అడుగు. చెయ్యి మాత్రం నువ్వు పెట్టకు" అంది డాక్టరమ్మ.

అక్క లేచి కూర్చుని చెప్పులు వెతుక్కుంటోంది, ఇంటికి పోదామని. చెల్లెలు చెప్పినదంతా విని, చెప్పుల కోసం వెతకడం ఆపింది. మొహంలో సంతోషం లేదు. భయం ఉంది.

"వద్దే" అంది. "పొద్దున ఒకటి దొరికిందన్నారు. తర్వాత సున్నా అన్నారు. నేను గోడవైపు తిరిగి ఏడ్చేశాను, అయిపోయింది. ఇప్పుడు మళ్ళీ ఉందంటున్నావు. సాయంత్రం మళ్ళీ లేదంటావు. నాకు ఓపిక లేదు. ఇరవై ఏళ్ళ నుంచీ ఈ పొట్ట నాతో ఆడుకుంటోంది. తీసెయ్యండి, పీడ వదుల్తుంది."

"నువ్వు ఒప్పుకోకపోతే ఎవ్వరం ముట్టుకోం అక్కా. కానీ ఒక్కసారి వచ్చి చూడు. చూసి వద్దను."

"చూస్తే వద్దనగలనా?"

"ఏమో. నాకు తెలీదు."

అక్క కాసేపు చెల్లెలి మొహంలోకి చూసింది. ఆ తర్వాత చెయ్యి చాపింది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి భూతద్దమే తోసుకుంటూ తెర ముందుకు తీసుకొచ్చింది. తెర నిండా గుండ్రంగా వెలుగుతూ అక్క అండం. చుట్టూ మంచు కమ్మినట్టు దాని కణాలు. పక్కన ఆ చిన్న బుడగ.

అక్క తెర మీద ఆ బుడగ దగ్గర వేలు ఆనించింది. "ఇది నాలోంచి వచ్చిందా" అని మెల్లగా అడిగింది, ఎవరికో వినబడుతుందేమో అన్నట్టు. "నా కడుపులో ఉండేది బురద అనుకున్నానే నేను."

"బురదలోంచే తీశాడు మౌనస్వామి. ఇలాగే మెరుస్తూ వచ్చింది."

"ఎప్పుడు పుట్టి ఉంటుంది ఇది? ఈ నెల ఇంజెక్షన్లకా?"

భూతద్దం పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివిన సంగతే అది. చదువుకునే పిల్లలకు ఎన్నోసార్లు పాఠంగా చెప్పింది కూడా. నోరు తెరిచాక గానీ తన ఇంటి సంగతి చెబుతున్నానని ఆమెకు తెలియలేదు.

"కాదక్కా. ఇంజెక్షన్లు దీన్ని పెంచాయంతే. ఆడపిల్ల అండాలన్నీ ఆమె పుట్టకముందే తయారైపోతాయి, తల్లి కడుపులో ఉండగానే. నువ్వు అమ్మ కడుపులో ఉన్నప్పుడే ఇది నీ లోపల ఉంది. అప్పుడే విడిపోవడం మొదలుపెట్టి, సగంలో ఆగిపోయింది. అప్పట్నుంచీ అలాగే ఆగి ఉంది. నువ్వు పుట్టావు, బడికెళ్ళావు, నొప్పితో దొర్లావు, బస్సు నేర్చుకున్నావు. ఇన్నేళ్ళూ ఆగి, అప్పుడు ఆపిన పనిని ఇందాక నా కళ్ళముందు పూర్తి చేసింది."

వాళ్ళ అమ్మ పోయి ఆరేళ్ళయింది. పోయేముందు కూడా పెద్దకూతురి పొట్ట మీద చెయ్యి వేసి, నా కడుపున పుట్టి నీకీ బాధేమిటే అని ఏడ్చిన మనిషి.

"అంటే, దీన్ని అమ్మ మోసిందా?" అంది అక్క.

"మోసింది."

"అమ్మకి తెలుసా?"

"ఎలా తెలుస్తుంది అక్కా. ఎవరికీ తెలీదు."

అక్క తెరకు దగ్గరగా వంగింది. కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చి జారుతున్నా తుడుచుకోలేదు. ఆమె పక్కన నిలబడ్డ భూతద్దానికి, తాను రోజూ కూర్చునే ఆ ఇరుకు గది ఒక్కసారిగా ఎంతో పెద్దదైనట్టు అనిపించింది. అమ్మ, అమ్మలో అక్క, అక్కలో ఇది. ముగ్గురూ ఒకప్పుడు ఒకే కొంగు చాటున నడిచారు. ఇన్నేళ్ళు చదివిన చదువు ఆమెకు ఆ క్షణాన కొత్తగా వచ్చింది.

"మీ బావ ఏడీ" అంది అక్క.

బావ ఫోను ఎత్తడం లేదు. మోగుతోంది, ఆగుతోంది. ఆయన పనిచేసే కంపెనీకి చేస్తే, ఎత్తైన మేడ ఒకదాంట్లో లిఫ్టు గుంటలో దిగి ఉన్నాడని, ఫోను సంచీలో ఉంటుందని చెప్పారు. ఆ మేడ కాపలాదారు నంబరు సంపాదించి, ఆయన్ని బతిమాలి, గుంటలోకి కేక వేయించేసరికి భూతద్దానికి చెమటలు పట్టాయి. చివరికి ఫోన్లో బావ గొంతు వినిపించింది.

"ఏమైందమ్మా? మీ అక్కకి ఏమైనా..."

"అక్క బాగుంది. అండం పండింది బావా. నువ్వు అర్జెంటుగా రావాలి."

"వచ్చి?"

పక్కన మౌనస్వామి, నర్సులు, అంతా ఉన్నారు. భూతద్దం గొంతు తగ్గించింది. రోజూ ఎంతోమంది మగవాళ్ళకు తడుముకోకుండా చెప్పే మాటే అది. బావతో అనేసరికి నాలుక మెలికపడింది. "పొద్దున నువ్విచ్చింది పారేశాం. ఇంకొకటి కావాలి."

అవతల గుంటలో ఎక్కడో నీటిచుక్క పడుతున్న చప్పుడు వినబడింది.

"ఫోన్లో పంపేది కాదు కదా అది. వస్తున్నా" అన్నాడు బావ.

వచ్చాడు. ఆస్పత్రి లిఫ్టు కోసం ఆగలేదు, ఆ లిఫ్టు సంగతి ఆయనకు తెలుసు. మెట్లెక్కి, మోచేతుల దాకా గ్రీజుతో, జుట్టులో బూజుతో వచ్చి, కుర్చీలో ఉన్న పెళ్ళాం ముందు నిలబడ్డాడు. ఆమె ఆయన జుట్టులో బూజు తీసింది. ఆయన చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగించి నర్సు డబ్బా చేతికిచ్చింది. శాంపిలు ఇచ్చే గదిలోకి వెళ్తూ ఆయన వెనక్కి తిరిగి, "దయచేసి ఎవరూ తలుపు దగ్గర నిలబడకండి. వీలైతే ఈ అంతస్తులోనే ఉండకండి" అన్నాడు. డాక్టరమ్మతో సహా అంతా కారిడారు చివరికి నడిచారు. అక్క పొద్దున్నుంచీ మొదటిసారి నవ్వింది, సూది గుచ్చినచోట లాగినట్టయి పొట్ట పట్టుకుని మరీ నవ్వింది.

సాయంత్రం మౌనస్వామి అండం చుట్టూ ఉన్న కణాలను మళ్ళీ ఒలిచి, మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. ఈసారి గాజు గోడకు ఇవతల ముగ్గురు. వెంట్రుక కన్నా సన్నని గాజు సూదిలో, ఒకే ఒక్క వీర్యకణం. సూది అండం అంచును నొక్కింది. అంచు లోపలికి, ఇంకా లోపలికి సొట్టపోయింది. ఇక పగిలిపోతుందని అక్క కళ్ళు మూసుకున్నప్పుడు, అండం దారి ఇచ్చింది. సూది వెనక్కి వచ్చింది. సొట్ట మెల్లగా సర్దుకుని మళ్ళీ గుండ్రమైంది. మౌనస్వామి చేతులు ఒడిలో పెట్టుకుని, అప్పటిగ్గానీ తన భుజాలు కిందికి దించలేదు. తనైతే ఆ పని అంత నిబ్బరంగా చెయ్యగలిగేది కాదని భూతద్దం మనసులో ఒప్పుకుంది. ఇంటికి వెళ్ళేముందు బల్ల ఖాళీ చేసే రూలు కాగితాన్ని గోడమీంచి పీకి, బావ శాంపిలులో మిగిలిన దాన్ని దగ్గరుండి మౌనస్వామి చేత అతిచల్లని ట్యాంకులో గడ్డకట్టించి దాపెట్టించింది.

మర్నాడు పొద్దున అండం నడుమ రెండు చిన్న వలయాలు పక్కపక్కన కనబడ్డాయి. ఒకటి అక్కది, ఒకటి బావది. అండం, వీర్యకణం కలిశాయనడానికి అదే గుర్తు. భూతద్దం ఫోను చేస్తే ఇద్దరూ మధ్యాహ్నం తర్వాత వచ్చారు. అక్క తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. బావ వెనక నిలబడ్డాడు. ముందే చెప్పాల్సినవన్నీ భూతద్దం చెప్పింది. ఇది మొదటి మెట్టే. మధ్యలో ఎక్కడైనా ఆగిపోవచ్చు. నిలిస్తే గడ్డకట్టించి దాస్తారు. వచ్చే వారం ఆపరేషను కావాలి, అక్క కోలుకోవాలి, ఆ తర్వాతే గర్భసంచిలో పెట్టేది. పెట్టినా నిలుస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అక్క అన్నింటికీ ఊ కొట్టింది గానీ, చూపు మాత్రం తెర మీంచి తిప్పలేదు.

ఆ వలయాలు రెండూ దగ్గరికి జరిగి, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ముగ్గురూ చూస్తూ ఉండగా వాటి అంచులు పలచబడ్డాయి. పలచబడి, పలచబడి, మాయమైపోయాయి. అండం మధ్యలో ఇక ఏమీ లేదు.

"పోయాయి" అంది అక్క. ఆమె చెయ్యి బావ చేతిని వెతుక్కుంది. "ఏయ్, పోయాయే."

"పోలేదక్కా. కలిసిపోయాయి" అంది భూతద్దం. "ఇందాకటి దాకా నీది వేరు, బావది వేరు. ఇక వేరు చెయ్యలేం. ఎవ్వరూ చెయ్యలేరు. ఇప్పుడు ఇది మీ ఇద్దరిదీ కాదు. ఇంకెవరో."

చీకటి పడేదాకా ముగ్గురూ తెర ముందు నుంచి కదల్లేదు. ఆ తర్వాత ఆ గోళానికి నడుము దగ్గర చిన్న నొక్కు పడింది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ చెప్పలేదు. నొక్కు లోతయింది. ఒకటిగా ఉన్నది నెమ్మదిగా, తీరిగ్గా, రెండుగా విడిపోయి, పక్కపక్కన ఒదిగి కూర్చుంది. బావ నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు.

అక్క చెల్లెలి వైపు తిరిగింది. చిన్నప్పట్నుంచీ ఎవరేది చెబితే అది చేసిన మొహం అది. వేడినీళ్ళు తాగి, నడిచి, నడక మానేసి, మనసులో ఏమీ పెట్టుకోకుండా ఉండటానికి కూడా ప్రయత్నించిన మొహం.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అంది.

"ఏమీ చెయ్యక్కర్లేదక్కా" అంది భూతద్దం. "అంతా అదే చేసుకుంటుంది."

అక్కకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. మళ్ళీ చెప్పమన్నట్టు చూసింది. భూతద్దం మళ్ళీ చెప్పింది. అప్పుడు అక్క తెర వైపు తిరిగి, బిగబట్టి ఉన్న వీపును కుర్చీకి ఆనించి, చేతులు రెండూ వదులుగా ఒడిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.